పచ్చి చేతులతో ఒక ఏడాది

పుంగనూరులో మా వీధికి నా చేతులు ఒక పాఠం. పట్టుదారం తీసే చర్కా ముందు కొత్తగా కూర్చోబోయే ఆడపిల్లలనూ, కాన్పయ్యాక తిరిగి పనికి వచ్చేవాళ్ళనూ మా షెడ్డులో పనిచేసే మునెమ్మ ముందుగా నా దగ్గరికి తోలుతుంది. "పోయి రెడ్డెమ్మ సేతులు సూసి రాపో" అంటుంది. వాళ్ళొచ్చి గడప దగ్గర నిలబడి, ఎలా అడగాలో తెలియక నీళ్ళు నములుతుంటే నేనే చేతులు చాపుతాను. కుడిచేతి వెనకవైపు, వేళ్ళ మొదళ్ళ నుంచి మణికట్టు దాకా, నాది కానట్టుండే చర్మం ఉంది. నా తొడ నుంచి తీసి అక్కడ అతికించారు. మొన్నొకమ్మాయి మూడు నెలల బిడ్డను చంకనేసుకుని వచ్చింది. "ఇంగా నొప్పి పుడ్తాదా అక్కా?" అని అడిగింది. లేదన్నాను. నొప్పి గానీ చలి గానీ వేడి గానీ అక్కడ ఏదీ తెలియదని, అదే నా దిగులని చెప్పలేదు. ఎనిమిదేళ్ళుగా చెప్పిందే చెప్పి విసుగొచ్చింది, చెప్పాల్సింది మాత్రం మిగిలిపోయింది. అందుకని ఈసారి కూర్చుని రాస్తున్నాను.

మాది పట్టుగూళ్ళ నుంచి దారం తీసే ఇల్లు. ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండు చర్కాలు. ఒక్కో చర్కా ముందు ఒక పొయ్యి, పొయ్యి మీద వెడల్పాటి బేసిన్‌లో కాగే నీళ్ళు, నీళ్ళలో గూళ్ళు. అవి మెత్తబడ్డాక వాటి దారపు కొసలు వేళ్ళతో వెతికి పట్టుకుని చర్కాకు అందించాలి. వేళ్ళు ముంచుకోవడానికి పక్కన చన్నీళ్ళ గిన్నె ఒకటి ఉంటుంది. చూసేవాళ్ళకు ఒళ్ళు జలదరిస్తుంది గానీ, అలవాటైన చేతికి అది పెద్ద వేడి కాదు.

నేను మదనపల్లెలో ఇంటర్ దాకా చదివి, తొంభై మూడులో పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాను. మా మామ కాలం నుంచి షెడ్డులో పని చేస్తున్న మునెమ్మే నాకు పని నేర్పింది. మొదటి నాలుగు రోజులూ గోరువెచ్చటి నీళ్ళలో తప్ప చెయ్యి పెట్టనివ్వలేదు. తర్వాత రోజురోజుకూ పొయ్యిలో ఒక పుల్ల ఎక్కువ. "మనిషి తోలు మొండిది రెడ్డెమ్మా. నాలుగు దినాలు బతిమాలితే సెప్పిన మాట ఇంటాది" అనేది. నెల తిరిగేసరికి నా చేతులు మాట విన్నాయి. రెండేళ్ళకు పొయ్యి మీది గిన్నెను గుడ్డ లేకుండా దించేదాన్ని. మా ఆయన అది చూసి, "ఇంట్లో పట్టుకారు కొనే పని లేదప్పా, పెండ్లి చేసుకున్నాను కదా" అని అందరి ముందూ ఆటపట్టించేవాడు. నాకది పొగడ్తే. చదువుకున్న కోడలు, పని రాదంటారేమోనన్న భయం ఆ చేతులతోనే పోయింది.

పావని తొంభై ఏడు ఆగస్టులో పుట్టింది. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది కాబట్టి కుప్పంలో చెల్లెలు భారతి ఇల్లే నాకు పుట్టిల్లు. భారతికి అప్పటికి పెళ్ళయి మూడేళ్ళు, పిల్లల్లేరు. నాకు నొప్పులొచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకున్నదీ, బిడ్డకు మొదటి నీళ్ళు పోసిందీ అదే. ఐదు నెలలు నన్ను మంచం దిగనివ్వకుండా చూసుకుంది. జనవరిలో నేను బిడ్డను తీసుకుని బస్సెక్కుతుంటే కిటికీ దగ్గర నిలబడి పావని పాదం వదల్లేదు. బస్సు కదిలాక వదిలింది.

తొంభై ఎనిమిది, జనవరి చివరి వారం

పుంగనూరు చేరిన మూడో రోజు పొద్దున నేను షెడ్డులోకి వెళ్ళాను. గూళ్ళు మార్కెట్టు నుంచి వచ్చి ఉన్నాయి, పనిమనిషి ఒకతె రాలేదు. బిడ్డ అత్త దగ్గర నిద్రపోతోంది. నేను చీర కుచ్చెళ్ళు దోపుకుని పీట మీద కూర్చోగానే మునెమ్మ అడ్డం వచ్చింది.

"యాడికమ్మా అంత తొందర? ఐదు నెల్లు పాలిచ్చేదానికే కదా కూర్చుండావు. సేతులు పచ్చిబడింటాయి. నాలుగు దినాలు గోరెచ్చ నీళ్ళలో పెట్టుకోని రా."

"నాలుగేండ్లు ఈ బేసిన్ ముందరే ఉంటిని. సెయ్యి మర్సిపోతాదా మునెమ్మా?" అన్నాను.

"నువ్వు మరవ్వు. సెయ్యి మరస్తాది."

నేను నవ్వేశాను. మా పనివాళ్ళు మాత్రమే చెయ్యగల తప్పు ఇది. మిగతావాళ్ళు కాగే నీళ్ళు చూస్తే దూరం జరుగుతారు. మేము పాత ధైర్యంతో చెయ్యి పెడతాం. నేను కుడిచెయ్యి ముంచాను. నాకు తెలిసిన వేడి కాదది. ముంచిన చెయ్యి నా ప్రమేయం లేకుండా ఎగిరి వెనక్కి వచ్చింది. మోచెయ్యి పక్క పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళ గిన్నెకు తగిలి, గిన్నె నా చేతుల మీద బోర్లా పడింది.

నొప్పి వెంటనే రాలేదు. ముందు మునెమ్మ కేక వినిపించింది. తర్వాత అన్నీ ఒకేసారి జరిగాయి. ఒకరు సిరా తెచ్చి పోశారు. ఒకరు పళ్ళ పేస్టు పూశారు. పక్కింటావిడ పెరట్లోంచి అరటాకు కోసుకొచ్చి చుట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో మా వీధి వాళ్ళు అక్షరాలా చేసి చూపించారు. తర్వాత మదనపల్లె ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ సిరా కడుగుతూ, మీరు చేసినవాటిలో పనికొచ్చింది ఆకు ఒక్కటేనని చెప్పింది. ఇది చదివే వాళ్ళు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. కాలితే సిరా వద్దు, పేస్టు వద్దు. పంపు కింద మామూలు చన్నీళ్ళలో ఇరవై నిమిషాలు పెట్టి, శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి పరుగెత్తండి.

జీపులో నా ధ్యాస చేతుల మీద లేదు. పావనికి పాలిచ్చే వేళయిందని రవిక తడిసి తెలుస్తోంది. బిడ్డ అక్కడ ఇంట్లో ఏడుస్తూ ఉంటుంది. దాన్ని ఎత్తుకోవడానికి నాకు చేతుల్లేవు.

ఫిబ్రవరి, మార్చి

ఆసుపత్రిలో పొడవాటి వరండా, వరండా పొడవునా బెంచీలు. బెంచీల మీద కూర్చున్నవాళ్ళందరూ ఒకే తలుపు వైపు చూస్తుంటారు. మొదటి నాలుగు గంటలు నేనూ ఆ తలుపు ముందే పడిగాపులు కాశాను. తర్వాత మంచం ఇచ్చారు. వార్డులోకి పసిబిడ్డలను రానివ్వరు. పుండుకూ ప్రమాదం, బిడ్డకూ ప్రమాదం. మొదటి రోజే భారతి కుప్పం నుంచి వచ్చి, వరండా అవతల నుంచే నన్ను చూసి, పావనిని తీసుకుని వెళ్ళిపోయింది. అద్దాల కిటికీలోంచి బిడ్డ వీపు కనిపించింది. ఎర్ర టోపీ కట్టింది భారతి. అది తప్ప ఇంకేమీ కనపడలేదు.

రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. పాలు గట్టిపడి రొమ్ములు రాళ్ళయ్యాయి. నొప్పికి జ్వరం వచ్చింది. పిండుకోవడానికి చేతులు లేవు, చెప్పుకోవడానికి సిగ్గు. ఒకావిడ నేను పళ్ళు బిగించి ఉండటం చూసి కనిపెట్టింది. తంబళ్ళపల్లె పక్క పల్లె ఆవిడ. కొడుకు మగవాళ్ళ వార్డులో ఉంటే తోడుగా వచ్చి, చోటు లేక మా వార్డు గుమ్మం దగ్గర పడుకునేది. అవ్వా అని పిలిచేదాన్ని, పేరు అడగనే లేదు. దుప్పటి అడ్డం కట్టి, లోటా పట్టి, తన చేత్తో పిండింది. రోజుకు మూడుసార్లు. ఆ పాలు తీసుకెళ్ళి వరండా పక్కన మందార చెట్టు మొదట్లో పోసేది.

"ఏడవద్దమ్మా. పారబోస్తాండామని అనుకోవద్దు. భూదేవి తాగుతాది" అనేది.

నాకు మాత్రం ఆ లోటా చూసినప్పుడల్లా కుప్పంలో నా బిడ్డ నోట్లో సీసా ఉందని గుర్తొచ్చేది. నొప్పి మందులతో నొప్పి తగ్గేది. దీనికి మందు లేదు. పక్క గదిలో ఎవరి బిడ్డ ఏడ్చినా నాకు పాలు చేపుకొచ్చేవి. ఒళ్ళు అంత వెర్రిది.

కట్లు మార్చేటప్పుడు డాక్టరమ్మ మాట్లాడుతూ ఉండేది. మాటల్లో పెట్టి గుడ్డ లాగడం ఆవిడ ఉపాయం. ఒకరోజు నేనే అడిగాను.

"నాలుగేండ్లు అదే నీళ్ళలో చెయ్యి పెట్టినాను డాక్టరమ్మా. అప్పుడు ఏమీ కాలేదే. ఇప్పుడు యాల ఇట్లయింది?"

"మీద పడిన మరిగే నీళ్ళకు ఎవరి చర్మమూ ఆగదు. కానీ నువ్వు చెయ్యి ముంచగానే ఉలిక్కిపడ్డావు చూడు, దానికి కారణముంది" అంది. "చర్మంలో కంటికి కనపడనంత చిన్న కణాలుంటాయి. కోడిగుడ్డు సొన వేడికి గడ్డకడుతుంది కదా, ఎక్కువ వేడికి కణం లోపలి సరుకూ అట్లానే పాడవుతుంది. అందుకని కొంచెం వేడి తగలగానే కణం ఒక రకం ప్రోటీన్లు తయారుచేసుకుంటుంది. అవి లోపలి సరుకును పట్టుకుని చెడిపోకుండా కాపలా కాస్తాయి. ఇవాళ కొంచెం వేడి చూసిన కణం, రేపు ఇంకొంచెం ఎక్కువ వేడికి బతుకుతుంది. అయితే ఆ కాపలా రెండు మూడు రోజులే. వేడి మళ్ళీ రాకపోతే, ఎందుకు దండగ అని తీసేస్తుంది."

"మరి మందమైన పైతోలు?"

"అది నెలల తరబడి రాపిడికి కట్టింది. పని మానేస్తే అదీ పోతుంది. ఐదు నెలల తర్వాత నువ్వు ముంచింది కొత్త చెయ్యి."

"అయితే మునెమ్మ చెప్పింది నిజమే."

"మునెమ్మ ఎవరు?"

"మా షెడ్డులో డాక్టరు" అన్నాను. ఆవిడ నవ్వుతూనే మిగిలిన గుడ్డ లాగేసింది.

ఆవిడే ఇంకో మాట చెప్పింది. కాలినచోట నడుమ భాగం చచ్చిపోతుందట. బయటి అంచు ఎర్రబడినా బతుకుతుందట. ఆ రెంటి మధ్య ఒక వలయం ఉంటుంది, అందులో కణాలు చావలేదు, బతకనూ లేదు. వాటికి నీరు, రక్తం బాగా అంది, చీము పట్టకుండా ఉంటే కొన్ని రోజుల్లో మనవైపు తిరుగుతాయి. లేకపోతే అటే పోతాయి. ఆ మాట విన్నప్పటి నుంచి నేను దేవుళ్ళను వదిలేసి ఆ వలయానికే మొక్కుకున్నాను. ఇచ్చిన నీళ్ళన్నీ తాగాను. చెయ్యి ఎత్తి పెట్టమంటే ఎత్తే పెట్టాను. నాకు కావలసింది చర్కా కాదు. పావనిని ఎత్తుకుంటే దాని ఒళ్ళు నా చేతికి తెలియాలి. అంతకంటే ఇంకేమీ అడగలేదు.

ఎడమచెయ్యి మనవైపు తిరిగింది. కుడి అరచెయ్యి, మణికట్టు తిరిగాయి. కుడిచేతి వెనకవైపు తిరగలేదు. మార్చిలో తొడ చర్మం తీసి అతికించారు.

ఆదివారం పొద్దున పది గంటలకు భారతి కుప్పం బస్టాండు దగ్గర ఎస్‌టీడీ బూతుకు పావనిని ఎత్తుకొచ్చేది. ఇక్కడ మా ఆయన రిసీవరు నా చెవి దగ్గర పట్టుకునేవాడు. "మాట్లాడు పావనీ, అమ్మ ఇంటాండాది" అని భారతి గొంతు. తర్వాత ఏమీ లేదు, ఊపిరి మాత్రం. ముక్కు కొంచెం దిబ్బడేసిన ఊపిరి. ఒక్కోసారి ఒక చిన్న కూత. ఆ కూత కోసం వారమంతా ఎదురుచూసేదాన్ని. ఫోను పెట్టేశాక మా ఆయన రిసీవరును తన చొక్కాతో తుడిచేవాడు. నా కన్నీళ్ళు దానికి అంటేవి.

ఏప్రిల్, మే

ఇంటికి పంపారు. అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి. కొత్త చర్మం దురద పెట్టేది, వేళ్ళు ముడుచుకోననేవి. కొబ్బరినూనె రాసి, గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ ముంచి పిండమన్నారు, రోజుకు ఐదుసార్లు. నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నాయో చూడటానికి మోచెయ్యి ముంచేదాన్ని. ఒకప్పుడు పొయ్యి మీది గిన్నె దించినదాన్ని.

మా అత్త మూడు నెలలు నాకు ముద్దలు కలిపి తినిపించింది. నా తల దువ్వింది, బట్టలు కట్టింది. ఆవిడ చెడ్డమనిషి కాదు. అందుకే ఒకరోజు రాగిసంకటి ముద్ద నోట్లో పెడుతూ ఆవిడ అన్న మాట నాకు మింగుడు పడలేదు.

"ఈ సేతులతో బిడ్డని ఎట్ల సాకుతావమ్మా? భారతికి యాడ పిల్లోళ్ళు ఉండారు? ఆడనే పెరగనీ. పరాయి ఇల్లా ఏమన్నానా. నువ్వు ఇంకొకరిని కనొచ్చు."

మా ఆయన వైపు చూశాను. ఆయన కంచంలోకి చూస్తున్నాడు. వాళ్ళిద్దరూ నేను లేనప్పుడు ఈ మాట అనుకున్నారని అర్థమైంది. ఎద్దు పుండు కాకికి ముద్దా అని మనసులో తిట్టుకున్నాను గానీ, నోట్లో ముద్ద పెట్టేది కూడా ఆ చెయ్యే. ముద్ద నమిలాను.

మేలో మా ఆయన నన్ను కుప్పం తీసుకెళ్ళాడు. పావనికి తొమ్మిది నెలలు. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే అది భారతి మెడలో ముఖం దాచుకుంది. నా చేతులకు మచ్చలు అణగడానికి కట్టిన గట్టి గుడ్డ చుట్టలు, అరచేతిలో మచ్చలు. పిలిస్తే ఓరగా చూసి మళ్ళీ దాక్కుంది. కాసేపటికి భారతి చెంప తట్టి "మ్మ" అంది. ఆ పిలుపు నాది.

భారతి వంటింట్లో ఉండగా వెనకే వెళ్ళి నిలదీశాను. "నా బిడ్డకి నిన్ను అమ్మా అనేది నేర్పిస్తాండావా?"

అది పొయ్యి ఆర్పింది. "నేను నేర్పలేదక్కా. అదే పిలిచింది. నేను వద్దనలేకపోయినా" అంది.

అబద్ధం చెప్పి ఉంటే పోట్లాడి గెలిచేదాన్ని. అది నిజం చెప్పింది, నాకు పోట్లాడే దారి లేకుండా పోయింది. కన్న ప్రేమ కంటే పెంచిన ప్రేమ ఎక్కువంటారు. ఆ సామెత పుట్టించినవాళ్ళ మీద ఆ రోజంతా కోపంగా ఉన్నాను.

జూలై

ఎడమచేత్తో బిందె ఎత్తగలిగిన రోజు, ఇంక బిడ్డను తెచ్చుకుంటానని పట్టుబట్టాను. మా ఆయన ఇంకొన్నాళ్ళు ఆగమన్నాడు. ఆగితే నా బిడ్డ నాది కాకుండా పోతుందని భయం. కుప్పం వెళితే భారతి మూట కట్టిచ్చింది. సీసా, ఎర్ర టోపీ, పడుకునేటప్పుడు పట్టుకునే చీరముక్క. ఆ చీరముక్క భారతి పాత చీరది. నేను బస్సులో దాన్ని సంచి అడుగున పెట్టేశాను, కావాలనే.

కుప్పంలో మొదలుపెట్టిన ఏడుపు శాంతిపురం దాటినా ఆపలేదు. బస్సులో ఆడవాళ్ళు తలా ఒక సలహా ఇచ్చారు. బైరెడ్డిపల్లె దగ్గర ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. పుంగనూరులో రెండు రోజులు సరిగా పాలు తాగలేదు, నన్ను దగ్గరికి రానివ్వలేదు. మూడో రోజు పొద్దున బిడ్డ ముఖం ఎర్రగా ఉంది. నుదుటి మీద కుడిచేతి వెనకవైపు ఆనించాను, తల్లులందరూ ఆనించినట్టే. ఏమీ తెలియలేదు. నా బిడ్డ ఒళ్ళు కాలుతోందో లేదో నా చెయ్యి చెప్పలేకపోయింది. వంగి నా చెంప ఆనించాను. సలసల కాగుతోంది. అది నా చెంపను తోసేసింది.

జ్వరం మందు పట్టించి గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే మునెమ్మ వచ్చింది. జనవరి నుంచి ఒక్కసారి కూడా, నేను చెప్పలేదా అని అనని మనిషి. ఆ రోజు మాత్రం ఊరుకోలేదు.

"ఏంది తల్లీ నువ్వు సేసింది. పసిదాన్ని ఎత్తి సలసల కాగే నీళ్ళలో వేసినావు కదా. నీకు అది కన్నబిడ్డే. దానికి నువ్వు కొత్తమనిషి. నీ సెయ్యికి సెప్పినట్టే సెప్తాండా, నాలుగు దినాలు బతిమాలుకో."

"నా బిడ్డని నేను బతిమాలుకోవాల్నా?"

"యాల కూడదు? గమ్మునుండి, దాన్ని తోడుకోని కుప్పం పో. ఆడనే ఉండు. భారతి ఎత్తుకుంటే ఎత్తుకోనీ. నువ్వు పక్కన కూర్చో."

సంచి అడుగు నుంచి చీరముక్క తీసిచ్చాను. పావని దాన్ని ముఖానికి అదుముకుని, మూడు రోజుల్లో మొదటిసారి నిండా నిద్రపోయింది.

ఆగస్టు, సెప్టెంబరు

జ్వరం తగ్గాక కుప్పం వెళ్ళాను. ఎన్నాళ్ళుంటావని భారతి అడగలేదు, నేను చెప్పలేదు. మొదటి వారం బిడ్డను ముట్టుకోలేదు. అది ఆడుకునే వరండాలోనే గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. అది అన్నం తినేది, పడేది, లేచేది, అన్నిటికీ భారతి దగ్గరికే పాకేది. నా కళ్ళముందే నా బిడ్డ నడక నేర్చుకుంటూ మొదటి నాలుగు అడుగులూ ఇంకొకరి వైపు వేసింది. భారతి దాన్ని ఎత్తుకుని నా ముఖం చూసి, సంతోషపడాలో వద్దో తెలియక నిలబడిపోయింది. ఆ ఇంట్లో ఎవరం ఎవరికీ చెడు చెయ్యలేదు. అయినా ఇద్దరం దొంగల్లా తిరిగాం.

దగ్గరుండి ఇంత ఆశపడటం నాకు అంతకు ముందు తెలియదు. ఆసుపత్రిలో మధ్యన ఊళ్ళున్నాయి, గోడలున్నాయి. ఇక్కడ చెయ్యి చాపితే అందుతుంది. చాపకూడదు.

రెండో వారంలో నా నీళ్ళ బేసిన్ దాన్ని రప్పించింది. నేను గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ పిండుతూ వేళ్ళు వంచుకుంటుంటే, నీళ్ళ చప్పుడుకు పాకుతూ వచ్చి అవతలి అంచు పట్టుకుని నిలబడింది. నేను తల ఎత్తలేదు. ఒక చెయ్యి ముంచింది. చల్లింది. నా ముఖం మీద పడింది. ఊరుకున్నాను. మర్నాడు బేసిన్ తెచ్చేసరికి ముందే వచ్చి కూర్చుంది. పదిరోజుల్లో గుడ్డకు ఒక కొస అది, ఒక కొస నేను పట్టుకుని పిండేదాకా వచ్చాం. నా ఎడమచేతి వేళ్ళకు దాని వేళ్ళు తగిలేవి. మెత్తగా, తడిగా. ఆ చేతికి తెలిసేది. ఆ చేతిని కాపాడిన ప్రతి కణానికీ దండం పెట్టుకున్నాను.

అయినా నిద్ర వస్తే భారతి. ఆకలేస్తే భారతి. "మ్మ" అంటే భారతి. మా ఆయన ఆదివారం వచ్చి, "ఇంగ ఎన్ని దినాలు?" అని అడిగాడు. ఈసారి కూడా బిడ్డ నా దగ్గరికి రాకపోతే అత్త చెప్పినట్టే చెయ్యాలేమోనని నాలో నేను అనుకోవడం మొదలుపెట్టాను. ఆ మాట రాయడానికి ఇప్పటికీ నా చెయ్యి ఆగుతోంది.

వినాయక చవితి దాటిన తర్వాత ఒక మధ్యాహ్నం. భారతి రాగిజావ కాచి, గిన్నె వరండాలో పెట్టుకుని, ప్రతి స్పూనూ ఊది ఊది పావనికి తాగిస్తోంది. కాలేవన్నీ ఊదితే చల్లబడతాయని బిడ్డకు అలవాటు చేసింది. గిన్నె ముట్టుకోబోతే "ఉఫ్, కాలుతాది" అని చెప్పేది, అది కూడా బుగ్గలు పూరించి ఊదేది. తాగడం అయ్యాక భారతి మూతి తుడుస్తుంటే విడిపించుకుని నా దగ్గరికి వచ్చింది. నేను నూనె రాసుకోవడానికి కుడిచేతి గుడ్డ చుట్ట విప్పి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాను. మచ్చలు దాచుకునేలోపు పావని రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. కొన్నిచోట్ల ఎర్రగా, కొన్నిచోట్ల తెల్లగా, ముడతలు పడ్డ ఆ చర్మాన్ని ముఖం దగ్గర పెట్టుకుని చూసింది. భయపడుతుందనుకున్నాను. అది బుగ్గలు పూరించి ఊదింది.

చేతి మీద నాకేమీ తెలియలేదు. బుగ్గలు చూసి ఊదుతోందని తెలుసుకున్నాను. రెండోసారి ఇంకా గట్టిగా ఊదితే, కింద మణికట్టు దగ్గర, నా సొంత చర్మం మొదలయ్యేచోట, గాలి తగిలింది. వెచ్చగా ఉంది. జావ వాసన వచ్చింది. ఎనిమిది నెలలకు నా బిడ్డ నా కుడిచేతికి తెలిసింది.

సరిగా చేశానా అన్నట్టు పావని వెనక్కి తిరిగి భారతిని చూసింది. "మ్మ?" అంది.

భారతి గిన్నె పట్టుకుని అలాగే నిలబడి ఉంది. గిన్నె కింద పెట్టింది. "నేను కాదు పావనీ, నేను పిన్నమ్మని. అమ్మ అదిగో" అని నా వైపు చూపించింది. "ఇంగొకసారి ఊదు. అమ్మకి ఇంగా కాలతాండాది."

పావని నా వైపు తిరిగి మళ్ళీ బుగ్గలు పూరించింది. భారతి గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ చిన్న గిన్నె కడగడానికి అది చాలాసేపు తీసుకుంది.